రాతకీ పాఠకుడికీ మధ్య కరిగిపోయిన వ్యవధి

(కొత్తగా రాస్తున్నవారి కోసం జరిగిన కార్యశాలలో చేసిన ప్రసంగం. మాట్లాడిన ధోరణిని అలాగే ఉంచి, తడబడిన చోట్ల మాత్రం సరిచేశాను.)

అందరికీ నమస్కారం.

డిజిటల్ సాంకేతికత వచ్చాక రాయడం ఎలా మారింది, పాఠకుల్ని చేరడం ఎలా మారింది అన్నది నాకిచ్చిన విషయం. దీని మీద రోజంతా మాట్లాడొచ్చు. నాకున్నది గంట కాబట్టి ఒక్క మాట పట్టుకుని వెళ్తాను. ఆ మాట వ్యవధి. ఆలోచన పుట్టిన దగ్గర్నుంచి అది వాక్యంగా కుదురుకునే దాకా, ఆ వాక్యాన్ని ఇంకొకరు చదివే దాకా గడిచే సమయం. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో దాన్ని నెలల్లో లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు వేలితో ఒకసారి తాకితే అయిపోతోంది. దీనివల్ల మనకు దక్కింది చాలా ఎక్కువ. పోగొట్టుకున్నది కూడా తక్కువేం కాదు.

ముందు నాకు జరిగింది చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు ఈ-మెయిల్ పుట్టుక మీద ఒక వ్యాసం పూర్తిచేశాను. రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్ వాడే మనిషికి ఉత్తరం పంపే పద్ధతి కనిపెట్టడం, మనిషి పేరునీ యంత్రం పేరునీ విడదీయడానికి కీబోర్డు మీద ఒక మూల పడి ఉన్న 'ఎట్' గుర్తును తీసుకోవడం, అదీ కథ. బాగా వచ్చిందనిపించింది. ఆ ఉత్సాహంలో అప్పుడే నా పేజీలో పెట్టేసి పడుకున్నాను. తెల్లారేసరికి వేలమంది చూశారు. వందలమంది పంచుకున్నారు. ఆరు గంటలకు ఒకాయన మెసేజ్ పెట్టారు: 'మీరు 1969 అన్నారు. అది ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్ మొదటిసారి పనిచేసిన ఏడాది. టామ్లిన్సన్ ఉత్తరం 1971లో కదండీ?' నిజమే. ఆ రెండు సంగతులూ నాకు తెలిసినవే. రాత్రి అలసటలో ఒకదాని ఏడాది తీసుకెళ్లి ఇంకోదానికి అంటించాను.

నా దగ్గరున్న ప్రతిని వెంటనే దిద్దాను. కానీ అప్పటికే ఎంతోమంది దాన్ని కాపీ చేసి తమ తమ గ్రూపుల్లో పెట్టేశారు. వాటిని దిద్దే దారి నాకు లేదు. మూడేళ్ల తర్వాత పరిచయం లేని ఒకాయన, నాకు ఇలాంటివి ఇష్టమని ఎవరో చెప్పారట, అదే వ్యాసం నాకు పంపించారు. కింద నా పేరు లేదు. 1969 మాత్రం ఉంది. ఆ రోజు చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఒక్క రాత్రి ఆగి, పొద్దున్న ఒకసారి చదువుకుని పెట్టి ఉంటే ఆ తప్పు నాకే దొరికేది.

పాత పద్ధతిలో ఆ ఒక్క రాత్రి నేను అడక్కుండానే దొరికేది. చేత్తో రాసి, సాపు ప్రతి తీసి, పోస్టులో పంపితే, సంపాదకుడు చదివి, కంపోజింగుకి వెళ్లి, ప్రూఫులు దిద్ది, అచ్చయి వచ్చేసరికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో నేను కాక కనీసం ఇద్దరు ఆ వాక్యాన్ని అనుమానంతో చూసేవాళ్లు. ఆ రోజులే బాగున్నాయని నేను అనడం లేదు. అనను కూడా. పత్రికాఫీసు తలుపు దగ్గర ఎంతమంది వెనక్కి తిరిగి వెళ్లిపోయారో నాకు తెలుసు. రాసిందాంట్లో లోపం ఉండి కాదు, సంపాదకుడికి వాళ్ల యాస నచ్చక, వాళ్ల లోకం తెలియక. తిరుగు టపాలో వచ్చిన కవరు చూసుకుని కలం పక్కన పెట్టేసినవాళ్లు ఎందరో. ఆ తలుపు తీసిన యంత్రాలకు నేను ఎప్పటికీ కృతజ్ఞుణ్ణే. అయితే తలుపుతో పాటు దాని వెనకున్న గది కూడా పోయింది. నా బాధంతా ఆ గది గురించే.

సరే, మొదట కాగితం మీద ఏం జరిగిందో చూద్దాం. పాఠకుడి దాకా తర్వాత వెళ్దాం.

వర్డ్ ప్రాసెసర్ మీద తయారైన మొదటి నవలగా ఎక్కువమంది చెప్పేది బ్రిటిష్ రచయిత లెన్ డైటన్ రాసిన 'బాంబర్'. 1970లో వచ్చింది. ఆయన వాడింది ఐబీఎం వాళ్ల ఎంటీఎస్టీ అనే యంత్రం. బరువు దాదాపు 90 కిలోలు. ఇంట్లోకి తేవడానికి కిటికీ ఊడదీయాల్సి వచ్చింది. దానికి తెర లేదు. టైపు చేసింది అయస్కాంత టేపు మీద నిలిచి ఉంటుంది, మార్పు ఎక్కడ కావాలో అక్కడ మార్చి మళ్లీ కొట్టించుకోవచ్చు. అంతకుముందు ఆయన సహాయకురాలు ఎలెనర్ హ్యాండ్లీ ఒక్కో అధ్యాయాన్ని పదులసార్లు మొదటి నుంచీ టైపు చేసేవారు. ఆ శ్రమ తప్పింది. తర్వాత 1970ల మధ్యలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన సహచరులు కట్, కాపీ, పేస్టు తెచ్చారు. ఆ పేర్లు ఊహించి పెట్టినవి కావు. అప్పటిదాకా పత్రికాఫీసుల్లో నిజంగానే కత్తెరతో పేరాలు కత్తిరించి జిగురుతో అంటించేవారు. 1978లో వర్డ్‌స్టార్, 1983లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వచ్చాయి. అక్కడితో సాపు ప్రతి అనేదే లేకుండా పోయింది.

సాపు ప్రతి మీలో చాలామంది రాసి ఉండరు. అదేం చేసేదో చెప్తాను. ముప్ఫై పేజీల కథని మళ్లీ మొదటి అక్షరం నుంచి చేత్తో రాయాలంటే ప్రతి వాక్యమూ ఇంకోసారి వేళ్లలోంచి వెళ్లాలి. చెయ్యి నొప్పి పుడుతున్నప్పుడు అనవసరమైన వాక్యం దానంతటదే తెలిసిపోతుంది. 'ఇది మళ్లీ రాయాలా?' అని చెయ్యే అడుగుతుంది. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు. ఫైలు తెరుస్తాం, కన్ను పడిన చోట దిద్దుతాం, మూసేస్తాం.

కొత్తవాళ్ల కథలు చాలా చదువుతుంటాను. వాటిలో రెండు గుర్తులు పదేపదే కనబడుతున్నాయి. ఒకటి, మొదటి రెండు పేజీలు మెరుగు పెట్టినట్టుంటాయి, చివరి పది పేజీలు పచ్చిగా ఉంటాయి. కారణం చిన్నదే. ఫైలు తెరిచిన ప్రతిసారీ అది మొదటి పేజీ దగ్గరే తెరుచుకుంటుంది, మనం అక్కడే దిద్దడం మొదలుపెడతాం, ముగింపు దాకా వెళ్లేసరికి ఆ పూట ఓపిక అయిపోతుంది. మొదటి పేజీని నలభైసార్లు చూసినవాళ్లు ఆఖరి పేజీని రెండుసార్లు చూస్తారు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. మొన్న ఒక కథ చదివాను. ఒక పేరా ఇలా మొదలైంది: 'అందుకే ఆమె ఆ రోజు తలుపు తీయలేదు.' ఎందుకే? పైన అంతా వాన గురించి ఉంది. వెతికితే ఆ కారణం చెప్పిన పేరా రెండు పేజీల కింద ఉంది. రాసినావిడ దాన్ని కట్ చేసి కిందికి జరిపారు, అక్కడ బాగా నప్పింది కూడా. కానీ దాన్ని నమ్ముకుని ఉన్న 'అందుకే' పైన ఒంటరిగా మిగిలిపోయింది. అయితే, అందుకే, కానీ, మరి, ఇలాంటి మాటలు వాక్యాల మధ్య కుట్లు. బట్ట జరిపినప్పుడు కుట్లు ఊడతాయి. చేత్తో తిరగరాస్తే ఆ మాట దగ్గర కలం ఆగిపోయేది. తెర మీద పేరా జరపడం ఎంత తేలికో ఆ ఊడిన కుట్టు కనబడకపోవడమూ అంతే తేలిక.

నేను ఇప్పుడు చేసేది చెప్తాను. ముఖ్యమైన రచన ఏదైనా సరే, ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, కొత్త ఫైలు తెరిచి, మొదటి నుంచి మళ్లీ టైపు చేస్తాను. చాదస్తం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ప్రతిసారీ కనీసం పదో వంతు రాలిపోతుంది. ఆ తర్వాత ఫోన్ చేత చదివించుకుని కళ్లు మూసుకుని వింటాను. ఫోన్ గొంతుకి భావం ఉండదు, అదే మంచిది. నేను చదివితే నా గొంతు తప్పుల్ని కప్పేస్తుంది. ఫోన్ ఏదీ కప్పదు.

ఇప్పుడు లిపి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను. మన భాషలో రాసేవాళ్లు దీన్ని తెలుసుకోకపోతే చాలా నష్టపోతారు.

కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ముందే ఒప్పుకోవాలి. 1963లో వచ్చిన ఆస్కీ అనే ఒప్పందంలో 128 స్థానాలే ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, యంత్రానికిచ్చే ఆదేశాలతో అవి నిండిపోయాయి. తతిమ్మా లిపుల్లో మనలాంటివాళ్లు చాలామంది ఏం చేశారంటే, ఆ ఇంగ్లిష్ స్థానాల మీదే తమ అక్షరాల బొమ్మలు తొడిగారు. కంటికి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గీతలు. ఏళ్ల తరబడి అలా తయారైన పుస్తకాల ఫైళ్లు ఇప్పటికీ చాలామంది దగ్గర ఉన్నాయి. వాటిలో మీ పేరు వెతికితే దొరకదు. ఎందుకంటే యంత్రం దృష్టిలో మీ పేరు అక్కడ లేదు.

1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక, ప్రతి అక్షరానికీ తనదైన అంకె. తెలుగుకి అందులో 128 స్థానాల గది కేటాయించారు. ఆ తర్వాత ఒక్కో యంత్రం, ఒక్కో ఫోన్ దాన్ని నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎందుకంత ఆలస్యం? 'స్త్రీ' అని రాయండి. మన కంటికి అది ఒకే అక్షరం. యంత్రానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. ఈ ఆరింటినీ కలిపి ఒక బొమ్మగా అల్లడం ఫాంటు పని, దాన్ని చూపించే సాఫ్ట్‌వేర్ పని. ఈ అల్లిక ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే మన అక్షరం, జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘం, ఆ వరసలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆ నెలలోనే యాపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం అనే మాటలోని మొదటి అక్షరం అది. ఒక భాష డిజిటల్ లోకంలోకి వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదని నాకు ఆ సంఘటనతో బాగా తెలిసింది. ఎవరో కూర్చుని ఒక్కో అల్లికనీ చూసుకోవాలి. అలా చూసుకున్నవాళ్లలో చాలామంది జీతం లేకుండా, రాత్రుళ్లు, ఇష్టంతో చేశారు. మనం టైపు చేసే ప్రతి వాక్యం వాళ్ల రుణమే.

ఇంకో చిన్న సంగతి. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబర్ 3న వెళ్లింది. ఇంగ్లిష్‌లో అయితే ఒక సందేశంలో 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్‌లో రాస్తే 70. ఆ 70లో మన 'స్త్రీ' ఆరు స్థానాలు తినేస్తుంది. కాబట్టి ఫోన్‌లో మన భాషని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం జనానికి అలవాటైంది. చాలామంది దాన్ని సోమరితనం అంటారు. సోమరితనం కాదది. పెట్టె ఇరుకైతే మడతపెట్టి సర్దుకున్నాం, అంతే. ఇప్పుడు పెట్టె ఇరుకు పోయింది, మడత మాత్రం అలవాటుగా మిగిలింది. ఫోన్‌లో మన లిపి కీబోర్డు పెట్టుకుంటే వారం రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. దయచేసి పెట్టుకోండి.

లిపి గురించి ఇంతసేపు ఎందుకు మాట్లాడానంటే, దానికి నాకొక స్నేహితుడు కారణం. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. ఒకసారి నా కథని అందంగా కనబడాలని నీలిరంగు కాగితం బొమ్మ మీద అచ్చువేసినట్టు తయారుచేసి, ఫొటోగా పెట్టాను. మెచ్చుకోళ్లు వచ్చాయి. ఆయన ఫోన్ చేశారు. 'అందరూ బాగుందంటున్నారు. నా ఫోన్ ఫొటో అని చెప్పి ఊరుకుంటోంది. కథ ఎక్కడుంది?' అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. కథంతా అక్కడే ఉంది, ఒక్క అక్షరం కూడా అక్కడ లేదు. వెంటనే మామూలు అక్షరాల్లో పంపి, ఆయన దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాను. తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో ఆయన వింటున్న వేగం నాకు అందలేదు. మనం రెండు వాక్యాలు వినే లోపల ఆయన పేరా దాటేస్తున్నారు. మధ్యలో ఒకచోట ఆ గొంతు 'స్టార్ స్టార్ స్టార్ స్టార్' అంటూ పోతోంది. కథలో భాగాలు విడదీయడానికి నేను వరసగా పెట్టిన నక్షత్రం గుర్తులు అవి. కథలో అమ్మాయి ఏడుస్తున్న చోట ఆయన చెవిలో పన్నెండు స్టార్లు మోగాయి. ఆ రోజు నుంచి భాగాల మధ్య ఒక్క గీత చాలనుకున్నాను. ఫొటోలో కథ పెట్టడం మానేశాను.

అలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌వీడీఏ ఒకటుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దాన్ని 2006లో మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇద్దరికీ చూపు లేదు. ఉచితంగా ఇస్తున్నారు. అచ్చు పుస్తకాల కాలంలో నా స్నేహితుడు ఎవరైనా చదివి వినిపిస్తేనే వినాలి, లేదా బ్రెయిలీలో వచ్చే కొద్ది పుస్తకాలతో సరిపెట్టుకోవాలి. ఇప్పుడు నేను రాసిన నిమిషంలో, నా అంత స్వతంత్రంగా ఆయన చదువుకుంటున్నారు. వ్యవధి తగ్గడం వల్ల వచ్చిన మేలు ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే మొదట ఆయన పేరే చెప్పాలనిపిస్తుంది.

ఇక ప్రచురణ. 1971 జులై 4న మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని కంప్యూటర్‌లో టైపు చేసి అందరికీ అందుబాటులో పెట్టాడు. పుస్తకాల్ని ఉచితంగా కంప్యూటర్‌లో అందించే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా మొదలైంది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ ఆలోచన చేశారు. 1993 ఏప్రిల్ 30న ఆయన పనిచేసిన సెర్న్ అనే పరిశోధన సంస్థ దాన్ని రుసుము లేకుండా అందరికీ వదిలేసింది. ఆ నిర్ణయం లేకపోతే ఇవాళ మనం రాసే ప్రతి పేజీకీ ఎవరికో అద్దె కట్టేవాళ్లమేమో.

ఆ దారిలో వెళ్లిన ఇద్దరు రచయితల గురించి చెప్తాను. స్టీఫెన్ కింగ్ 2000 మార్చిలో ఒక పెద్ద కథని ఈ-పుస్తకంగా మాత్రమే విడుదల చేశారు. మొదటి 24 గంటల్లో దాదాపు 4 లక్షల డౌన్‌లోడ్లు. అదే ఏడాది ఇంకో నవలని భాగాలుగా నేరుగా పాఠకులకే అమ్మారు. నమ్మకం మీద డబ్బు కట్టే పద్ధతి. కొన్ని భాగాల తర్వాత ఆపేశారు. అంత పేరున్న రచయితకి కూడా తెర మీద పాఠకుణ్ణి కడదాకా పట్టి ఉంచడం కుదరలేదు.

రెండో ఆయన ఆండీ వీర్. రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంట్ల తిరస్కారాలు చూసినవాడు. 2009 నుంచి, అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న మనిషి కథ 'ద మార్షియన్' నవలని అధ్యాయం తర్వాత అధ్యాయంగా తన సొంత సైట్‌లో ఉచితంగా పెడుతూ వచ్చాడు. చదివినవాళ్లలో సైన్సు తెలిసినవాళ్లు ఉన్నారు. రసాయనాల లెక్క ఎక్కడ తప్పిందో వాళ్లు రాసేవాళ్లు, ఆయన దిద్దేవాడు. అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాల యంత్రం కిండిల్‌లో చదువుకుంటాం, పెట్టమని వాళ్లే అడిగితే 2011లో 99 సెంట్లకు పెట్టాడు. అది బాగా అమ్ముడై, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ అచ్చువేసింది, మరుసటి ఏడాది సినిమా వచ్చింది. అందరూ దీన్ని అదృష్ట కథగా చెప్తారు. నాకు ఇందులో కనబడేది వేరు. ఆయన వ్యవధిని పోగొట్టుకోలేదు. రాసిన నాటికీ పుస్తకం అయిన నాటికీ మధ్య ఐదేళ్లు ఉంచుకున్నాడు, ఆ ఐదేళ్లలోకి పాఠకుల్ని పిలిచాడు. మునుపు సంపాదకుడు ఒక్కడే కూర్చునే గదిలో వందలమందిని కూర్చోబెట్టాడు. డిజిటల్ యుగం రచయితకిచ్చిన అసలైన వరం అదని నా నమ్మకం. వేగం అందరికీ ఒకటే. దాన్ని ఎక్కడ వాడుకోవాలో, ఎక్కడ ఆగాలో మన చేతిలో ఉంది.

తెర రూపాన్ని కూడా మారుస్తుంది. 2000ల మొదట్లో జపాన్‌లో ఫోన్‌లో బొటనవేళ్లతో రాసి, ఫోన్‌లోనే చదివే నవలలు వచ్చాయి. చిన్న చిన్న వాక్యాలు, మధ్యలో చాలా ఖాళీ. 2007లో అక్కడ బాగా అమ్ముడైన పది నవలల్లో ఐదు అలా ఫోన్‌లో పుట్టినవే. మంచిదే. ఆ తెరకి ఆ రూపం పుట్టింది. కానీ ఇప్పుడు ఏ విషయమైనా ఒక్కో వాక్యానికి ఒక్కో పేరా పెట్టి రాసే అలవాటు వచ్చింది. 1997లో వెబ్ వాడకాన్ని పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ చేసిన పరిశీలనలో 79 శాతం మంది కొత్త పేజీని చదవడం కాదు, పైపైన చూసుకుంటూ పోతారని తేలింది. దాన్ని పట్టుకుని అందరం పైపైన చూసేవాళ్ల కోసమే రాయడం మొదలుపెట్టాం. మిగతావాళ్ల సంగతేమిటి? అదే పరిశీలనలో 16 శాతం మంది మాట మాటా చదువుతున్నారు. రైలు టైము చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఒక మనిషి తన తమ్ముణ్ణి ఎందుకు క్షమించలేకపోయాడో చెప్పాలంటే పొడుగాటి పేరా కావాలి. ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని కాదనాలి, మూడోది ఆ రెంటినీ ఒప్పించాలి. అది ముక్కలు చేస్తే చచ్చిపోతుంది.

ఇక చేరడం. అచ్చు కాలంలో కరువు కాగితానికి. ఇప్పుడు కరువు పాఠకుడి సమయానికి. 1998లో గూగుల్ వచ్చాక మనం రాసింది ఎవరు వెతికితే దొరుకుతుందో దాని లెక్క ఒక ప్రోగ్రామ్ చేతికి వెళ్లింది. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ వచ్చింది, 2009లో లైక్ వచ్చింది. ఎవరికి ఏది ముందు చూపాలో, ఏది చూపకూడదో ఒక లెక్క నిర్ణయిస్తోంది. పెట్టిన వెంటనే ఎంతమంది స్పందించారన్నది ఆ లెక్కలో పెద్ద భాగం. మొదటి గంటలో ఎవరూ పట్టించుకోకపోతే ఆ రచన మెల్లగా కిందికి పోతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది రచయిత మనసులో జరుగుతుంది. మొదటి గంట కోసం రాయడం మొదలవుతుంది. మొదటి గంటలో జనాన్ని కదిలించేది కోపం. ఆలోచనకి సాయంత్రం దాకా పడుతుంది.

ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు. పెట్టిన దగ్గర్నుంచి రెండు నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసుకున్న రోజులున్నాయి. ఒక అమ్మాయి నాతో చెప్పింది. తన అమ్మమ్మ గురించి నిదానంగా, ప్రేమగా రాసుకుంటూ వచ్చేది. ఒక్కోదాన్ని 40 మంది చదివేవారు. ఒకరోజు ఏదో వివాదం మీద కోపంగా నాలుగు వాక్యాలు రాస్తే 20 వేలమంది చూశారు. ఆ తర్వాత అమ్మమ్మ కథలు రాయబుద్ధి కాలేదట. 'ఆ 40 మంది ఎవరమ్మా?' అని అడిగాను. ఆలోచించి పదకొండు మంది పేర్లు చెప్పింది. వాళ్లలో ఒకరు ప్రతి కథనీ వాళ్ల అమ్మకి చదివి వినిపిస్తారట. 'ఆ 20 వేలమందిలో ఒక్క పేరు చెప్పు' అన్నాను. చెప్పలేకపోయింది.

ఈ గదిలో మీరు సుమారు 40 మంది ఉన్నారు. ఒకసారి చుట్టూ చూడండి. ఇంతమంది కూర్చుని నా మాట వింటుంటే నాకు తక్కువనిపించడం లేదు. తెర మీద ఇదే 40 అంకె ఓటమిలా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ ముఖాలు లేవు. ఆ అమ్మాయి మళ్లీ రాస్తోంది. ఇప్పుడు స్పందనల అంకెలు కనబడకుండా పెట్టుకుంది. రాసిన తర్వాత మూడు రోజులకి గానీ పేజీ తెరవదు.

దాచుకోవడం గురించి రెండు మాటలు. జియోసిటీస్ అని ఒకప్పుడు లక్షలమంది సొంత పేజీలు కట్టుకున్న చోటు. 2009లో మూసేశారు. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాళ్లు కొంత కాపాడారు, అంతా కాదు. 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకకుండా పోయాయని ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్క చెప్పింది. కాబట్టి మీ రాతల్ని ఎవరి సైట్‌లోనో పెట్టి అక్కడే ఉంటాయనుకోవద్దు. మామూలు టెక్స్ట్ ఫైలుగా రెండు చోట్ల దాచండి. ఇష్టమైనవి ప్రింటు తీసుకోండి. అలాగే పాత డ్రాఫ్టు మీద కొత్తది సేవ్ చేయకుండా తేదీ పెట్టి వేరే పేరుతో ఉంచండి. కొట్టివేతల్లోనే రచయిత ఆలోచన కనబడుతుంది. మన తరం ఫైళ్లలో కొట్టివేతలే లేవు.

చివరిగా అందరూ అడిగేది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. మూడు నెలలు తిరక్కుండా, 2023 ఫిబ్రవరిలో, క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక కొంతకాలం కథలు తీసుకోవడం ఆపేసింది. యంత్రం రాసిన కథలు అన్ని వచ్చిపడ్డాయి. వాటి కింద కొత్త మనుషుల నిజమైన కథలు కూడా నలిగిపోతున్నాయని ఆ సంపాదకుడి బాధ. యంత్రాన్ని వాడొద్దని నేను ఎవరికీ చెప్పను. నా ఫోన్ చేత చదివించుకుంటున్నానని ఇందాకే చెప్పాను. కానీ ఒకటి గమనించండి. ఇప్పటిదాకా వచ్చిన యంత్రాలు మనం రాసిన తర్వాతి వ్యవధిని తగ్గించాయి. ఇది రాయడానికి ముందున్న వ్యవధిని తీసేస్తోంది. ఖాళీ పేజీ ముందు కూర్చుని మాట దొరక్క కిటికీలోంచి చూసే సమయం. నాకు తెలిసినంతలో నేను ఏమనుకుంటున్నానో నాకు తెలిసేది ఆ సమయంలోనే. అమ్మమ్మ గురించి మూడు వాక్యాలు ఇమ్మంటే యంత్రం ఇస్తుంది. ఆ అమ్మాయికి తన అమ్మమ్మ చేతి గాజుల చప్పుడు గుర్తొచ్చింది మూడో రోజున, నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయినప్పుడు.

పోయిన నెలలో ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. నేను తొమ్మిదేళ్ల కిందట రాసిన ఒక వ్యాసం వెతుకుతుంటే దొరికిందట. అందులో రెండు పేరాలు తన పరిశోధనకి పనికొచ్చాయని రాసి, మూడో పేరాలో ఒక పేరు తప్పుపడిందని ఆధారంతో చూపించారు. తొమ్మిదేళ్లు ఆ తప్పు అక్కడే ఉంది. పుస్తకం అయితే రెండో ముద్రణ దాకా అలాగే ఉండేది, రెండో ముద్రణ అంటూ వస్తే. ఆ సాయంత్రమే కూర్చున్నాను. వెంటనే దిద్దలేదు. ఆవిడ చూపించిన ఆధారం చదివి, ఇంకో రెండు చోట్ల సరిచూసుకుని, ఒక రాత్రి పడుకుని, పొద్దున్న లేచి మార్చాను. కింద తేదీ వేసి, ఏది మార్చానో, ఎవరు చెప్తే మార్చానో, ఆవిడ అనుమతితో రాశాను.

మీ ప్రశ్నలకు సమయం మిగలాలి కాబట్టి ఇక్కడ ఆపుతాను. రెండో వరసలో ఒకరు లిపి గురించి మాట్లాడినప్పటి నుంచి ఏదో రాసుకుంటున్నారు. మీతోనే మొదలుపెడదాం, చెప్పండి.